ఒక్క గదే కదా

మిల్లర్ ఇంకా జిగణి దాటలేదు. కాంక్రీటు కలిపే ఆ యంత్రాన్ని ట్రాక్టరు వెనక తగిలించుకుని వస్తున్న మనిషి ఫోన్లో ఇదిగో వచ్చేసినా అంటున్నాడని, అంటే ఇంకో గంట పడుతుందని చెప్పి, మేస్త్రి తిరుపాలు బీడీ కాల్చుకోవడానికి గేటు బయటికి పోయాడు. వరూధిని సిమెంటు బస్తాల మీద కూర్చుంది. ఎదురుగా, ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలిన ఖాళీలో, పునాది మీద బీమ్ కోసం ఇనుము కట్టి ఉంది. ఇనుముకు రెండు పక్కలా చెక్కలు బిగించారు. చెక్కల అంచు వెంట నీలం దారం లాగారు. దారం ఎంత ఎత్తులో ఉంటే గది గచ్చు అంత ఎత్తులో ఉంటుంది. బీమ్ పోసేశాక ఆ ఎత్తు మారదు, మార్చాలంటే పగలగొట్టాలి. దారం గేటు దగ్గరి నేలకు సమానంగా ఉంది. అలా ఉండాలని అడిగింది తనే, చక్రాల కుర్చీ మెట్టు ఎక్కదు కనుక. ఆ మాట గుర్తొచ్చి ఆమెకు మళ్ళీ ఒళ్ళు మండింది. కాసేపటి క్రితం దాకా ఈ కోపం లేదు. కాసేపటి క్రితం ఆమె ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకుని పక్కింటి భాగీరథమ్మ హాల్లో ప్లగ్గు కోసం వెతుకుతోంది.

కాంక్రీటును కుదించే వైబ్రేటరుకు కరెంటు కావాలన్నాడు తిరుపాలు. ఈ పక్క గోడలో తమ ఇంటి వైరు తెంపేశారు. పక్కింట్లో అడిగితే సరిపోతుంది, ఐదు నిమిషాల పని. వరూధిని సోఫా వెనక వంగి చూసింది, టీవీ కింద చూసింది, తలుపు మూల చూసింది. ఎక్కడా ప్లగ్గు లేదు. వంటింట్లోంచి భాగీరథమ్మ కేకేసింది.

"ఆడ లేదప్పా, పైన ఉండాది సూడు."

పైన ఉంది. వరూధిని భుజానికి పైగా ఉంది. దాని పక్కది కూడా అంతే. హాల్లో ఉన్న ప్లగ్గులన్నీ ఒకే ఎత్తులో, గోడ చుట్టూ వరసగా, ఎవరో కొలిచి గీత కొట్టి పెట్టినట్టు.

"ఇంత ఎత్తున పెట్టించారేమండీ?"

"పిల్లోళ్ళు వేళ్ళు పెడ్తారని."

ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు భాగీరథమ్మ మనవడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. వరూధిని వైరు తగిలించి, తిరిగి చూసింది. ఫ్రిజ్ గ్రానైట్ దిమ్మె మీద ఉంది. బీరువా దిమ్మె మీద ఉంది. దేవుడి పటాలు ఆమె తలకంటే ఎత్తున ఉన్నాయి. అప్పుడు అడిగేసింది, ఇక్కడికి నీళ్ళొచ్చాయా అని. భాగీరథమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నవ్వింది. "నీళ్ళా? మన వీధికా? కొళాయిలో కావేరి నీళ్ళే సరిగ్గా రావు, ఇంక వాన నీళ్ళు యాడొస్తాయప్పా? కాఫీ తాగి పో." తాగింది కూడా. అదే ఇప్పుడు మండుతోంది. అబద్ధం విన్నాక, అది అబద్ధమని తెలిశాక, గ్లాసు పట్టుకుని చక్కెర సరిపోయిందని చెప్పింది.

ట్రాక్టరు ఎంతవరకొచ్చిందో. ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది తను ఈ మూడేళ్ళలో, ఎన్ని నోములకు, ఎన్ని పుట్టినరోజులకు. అసోసియేషన్ సెక్రటరీ లలిత్ ఇంట్లో కూతురి పుట్టినరోజుకు వెళితే ఇన్వర్టరు అటక మీద ఉంది, ఇదేంటి ఇక్కడ అని తనే నవ్వింది, చోటు లేదు మేడమ్ అన్నాడు అతను, చోటు లేనిది మూడంతస్తుల ఇంట్లో. మూలింటివాళ్ళ సోఫా కాళ్ళకు స్టీలు బూట్లు. ఒకరింట్లో కింది గదిలో చెక్క సామాను అనేదే లేదు, అంతా ప్లాస్టిక్కు, వాళ్ళు పిసినారులని ఆ రాత్రి భర్త ఓంకార్‌తో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళు పిసినారులు కారు. వాళ్ళకు తెలుసు. వీధి వీధంతా తెలిసి ప్లగ్గులు పైకెత్తుకుంది, తెలిసి ఫ్రిజ్జులు దిమ్మెలెక్కించుకుంది, ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకున్నారు, తలుపు తీసి బయటికొచ్చాక మన లేఅవుట్ సేఫండీ అన్నారు. తమ ఇంట్లో మాత్రం ప్లగ్గులు కిందే ఉన్నాయి. కొన్నప్పుడు హాల్లో కొత్త రంగు వాసన. గంధం రంగు అన్నాడు ఇల్లు అమ్మినాయన, మీకోసమే వేయించానమ్మా అన్నాడు, వీడ్కోలుకు గోంగూర పచ్చడి కూడా ఇచ్చాడు. ఉండబోయేవాడు ప్లగ్గు ఎత్తుకుంటాడు, అమ్మి పోయేవాడు రంగేయిస్తాడు. రెండువేల ఇరవై రెండు సెప్టెంబరులో బెంగళూరు వరదలప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లలో ఆఫీసులకు పోతున్న జనాన్ని టీవీలో చూసింది తను. అప్పుడు మారతహళ్ళిలో ఐదో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళు. అయ్యో అనుకుని చానెల్ మార్చింది. ఆ ట్రాక్టర్లు తిరిగిన చోటికి నాలుగు మలుపుల దూరంలో, మరుసటి ఏడు, ఇల్లు కొన్నారు.

అడగకుండా కొన్నారా అంటే అడిగారు. కొన్నప్పుడూ అడిగారు, ఈ గది అనుకున్నప్పుడూ అడిగారు. ఓంకార్ పద్ధతిగల మనిషి. వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, పక్కన ఒక గది వేస్తున్నాం, ఇక్కడికి ఎప్పుడైనా వరద నీళ్ళొచ్చాయా, వస్తే ఎంత ఎత్తు వచ్చాయో చెప్పగలరా అని. పన్నెండు జవాబులొచ్చాయి. వెరీ సేఫ్ సర్. నో ఇష్యూస్. మా ఇంటి ముందు చెప్పు తడవలేదు. భాగీరథమ్మ మనవడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. సాయంత్రానికి లలిత్ ప్రశ్నను తీసేశాడు, ఇలాంటివి గ్రూపులో వద్దు, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే రేట్లు పడిపోతాయి అన్నాడు. ఓంకార్ ఆ పన్నెండు జవాబులను సర్వే అనుకున్నాడు. ఇంజనీరు దగ్గరికి వెళ్ళి వాళ్ళంతా రాలేదన్నారండీ అని చెప్పాడు. ఇంజనీరు కాలువ ఎక్కడుందని అడగలేదు, నేల ఎటు వాలిందో చూడలేదు, పాత పటం తీయలేదు. ఒక్క గదే కదా సార్ అన్నాడు. పది అడుగులకు పన్నెండు అడుగులు, దీనికి స్టడీలూ రిపోర్టులూ ఎందుకు, అపార్టుమెంటు కడుతున్నామా. వాస్తు చూసినాయన సంతోషించాడు. ఈ ఖాళీ సరిగ్గా ఈశాన్యంలో ఉందట, ఈశాన్యం ఎంత పల్లంగా ఉంటే అంత మంచిదట, ఇంటి గచ్చుకంటే ఇది అడుగున్నర దిగువకు పోయినా పోనివ్వండి అన్నాడు. కుర్చీకి మెట్టు వద్దని తను, వాస్తుకు పల్లం కావాలని ఆయన, పునాది ఖర్చు తగ్గుతుందని ఓంకార్. ముగ్గురికీ ఒకే ఎత్తు కుదిరినందుకు ఆ రోజు స్వీట్లు తెప్పించారు. ఈ ఖాళీ చివర, వెనక గోడకు అవతల రాజకాలువ ఉంది. ఒక చెరువు నిండితే ఇంకో చెరువుకు నీళ్ళు మోసే కాలువ. వేసవిలో అందులో ప్లాస్టిక్ సంచులు, ఒక విరిగిన కుర్చీ తప్ప ఏమీ కనపడవు. అందుకే ఎవరూ దాన్ని లెక్కలో వేయలేదు.

ఫోను మోగింది. మిల్లర్ వాడనుకుంది. శైలజ. ఓంకార్‌కు అక్క. ఈ గది ఎవరికోసమో ఆ మనిషి.

"ఏమ్మా వరూ, నా ప్యాలెస్ యాడిదాకా వచ్చింది? సింహద్వారం పెట్టినారా?"

"మిల్లర్ కోసం చూస్తున్నాం వదినా."

"గడప పెట్టద్దని చెప్పు మేస్త్రికి. గడప దాటి వచ్చే అత్తగారు గాదు ఈడొచ్చేది, టైర్లతో దొర్లుకుంటా వచ్చే ఆడబిడ్డ."

తరువాత చేస్తానని పెట్టేసింది. కదిరి దగ్గర బస్సు బోల్తా పడి శైలజ నడుము కింద చచ్చుబడి తొమ్మిదేళ్ళయింది. మారతహళ్ళిలో కింది అంతస్తు గదిలో ఒక్కతే ఉంటుంది, రెండు కంపెనీలకు జీతాల లెక్కలు చూస్తుంది, రాత్రి మంచమెక్కడం ఒక్కతే చేసుకుంటుంది, పొద్దున్న కుర్చీలోకి దిగడం ఒక్కతే చేసుకుంటుంది, మధ్యలో కదలాలంటే పావుగంట పడుతుంది. ఆ ఇల్లుగలాయన బిల్డింగు పడగొడుతున్నాడు, వచ్చే నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఎన్ని ఇళ్ళు చూశారని. ప్రతి ఇంటికీ మూడు మెట్లు. లిఫ్టుందంటారు, లిఫ్టు దగ్గరికి చేరడానికి నాలుగు మెట్లు. మూడు మెట్లే కదమ్మా, ఎత్తుకుంటే పోలా అంటారు. తన్ను ఎత్తుకోవడం శైలజకు పడదు. మూటను గాదు అంటుంది. అందుకే ఈ గది. మెట్టు లేని గది. మెట్టు లేని గదిలోకి కుర్చీ ఎంత సులువుగా వస్తుందో నీళ్ళూ అంతే సులువుగా వస్తాయని ఈ మూడు నెలల్లో ఒక్కరికీ తట్టలేదు, తనకూ తట్టలేదు. నీళ్ళు రాత్రి వస్తాయి. కరెంటు పోతుంది. నేల మీద తడి ఎలా తెలుస్తుంది కాళ్ళలో స్పర్శ లేని మనిషికి? పరుపు తడిసేదాకా తెలియదు.

అయితే ఎత్తు పెంచు. మూడడుగులు పెంచు. మూడడుగులు ఎక్కాలంటే కుర్చీకి వాలుదారి ముప్ఫై ఆరడుగులు ఉండాలి, ఈ ఖాళీ మొత్తం కలిపినా అంత పొడవు లేదు. అడుగున్నర పెంచితే? ఎవరు చెప్పారు అడుగున్నర చాలని? ఎంత చాలుతుందో ఆ పన్నెండు మందికి తెలుసు, చెప్పరు. వరూధిని లేచి ప్రహరీ మీదుగా తొంగి చూసింది. భాగీరథమ్మ ఇంటికీ ఇలాంటి ఖాళీయే ఉండాలి. ఉండేది. ఇప్పుడక్కడ రేకుల కింద బట్టలుతికే గది. దాని అవతల లలిత్ ఖాళీలో కారు షెడ్డు. దాని అవతల మూలింటి పూజ గది, ఆపైన ఎవరిదో జిమ్ము. అందరూ ఒక్కొక్కటే కట్టుకున్నారు. ఒక్క గదే కదా, ఒక్క షెడ్డే కదా. వీధిలో పడ్డ వాన కాలువలోకి దిగడానికి ఇంటికొక సందు వదిలారు ఈ లేఅవుట్ గీసినవాళ్ళు, ఒక్కో సందునూ ఒక్కో ఇల్లు మూసుకుంటూ వచ్చింది, మిగిలింది ఇదొక్కటే, ఈ ఇనుము కట్టిన పదడుగులు. దీన్ని ఈ రోజు తను మూస్తుంది. మూస్తే ఆ నీళ్ళు భాగీరథమ్మ హాల్లోనే ఇంకొంచెం ఎక్కుతాయి, ఆమె ప్లగ్గుల దాకా ఎక్కుతాయి. ఆ సంగతి కూడా తెలిసి కాఫీ తాగి పో అందా ఆవిడ? తెలియకపోతే మూర్ఖత్వం, తెలిస్తే ఏమనాలో వరూధినికి తోచలేదు. ఏమనాలో తోచకపోవడం కోపాన్ని పెంచింది.

ఓంకార్‌కు ఫోను చేసింది. మీటింగులో ఉన్నానన్నాడు. విన్నాడు. "వరూ, ఓవర్‌థింక్ చెయ్యకు. ప్లగ్గులు చూసి వరద అంటావేంటి? ఒకవేళ వస్తే అక్కను పైకి ఎత్తుకుపోతాం కదా." నువ్వు ఆఫీసులో ఉంటే అని అడిగింది. "ఇవాళ పోయించెయ్, ప్లీజ్" అన్నాడు. రుజువు కావాలి అతనికి. ఇంజనీరుకూ రుజువు కావాలి. గోడలన్నిటికీ రంగులేసుకున్న వీధిలో రుజువెక్కడ దొరుకుతుంది? రంగెవరు వెయ్యలేదు? ఇల్లు లేని చోట వెయ్యలేదు. వరూధిని తల తిప్పి గేటులోంచి ఎదురుగా చూసింది. ఎదుటి సైటు ఖాళీ. ఓనరు దుబాయిలో ఉంటాడు, గోడ కట్టి వదిలేశాడు. ఆ గోడకు అసోసియేషన్ వాళ్ళు ఫ్లెక్సీ కట్టారు, స్వాగతం అని కన్నడంలో, ఇంగ్లీషులో, ఒక చెరువు, చెరువులో రెండు హంసలు. రోజూ పొద్దున టీ తాగుతూ చూసే ఫ్లెక్సీ. ఎండకు వెలిసిపోతే కొత్తది కడతారు. రోడ్డుకు గుంత పడితే ఏడాది పట్టించుకోని అసోసియేషన్, ఈ ఫ్లెక్సీ చిరిగితే ఆ వారమే మారుస్తుంది.

ఆమె వీధి దాటింది. కింది తాళ్ళు రెండూ విప్పింది, పైవి ముడిపడి ఉంటే తిరుపాలు దగ్గర కొడవలి తీసుకుని కోసింది. ఫ్లెక్సీ జారి కింద పడింది. గోడ మీద గీత ఉంది. గీతకు పైన సిమెంటు రంగు, కింద మట్టి రంగు. గీత వంకర లేదు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం దారమంత తిన్నగా ఉంది.

తిరుపాలు బీడీ పారేశాడు. "యబ్బా" అన్నాడు. అతనికి మధ్యాహ్నం ఇంకో సైటుంది. "ఏం జేద్దామంటారు మేడమ్? యాడ పొయ్యమంటే ఆడ పోస్తాం. మిల్లర్ వాడు సర్జాపుర రోడ్డెక్కినాడంట."

"మట్టం చూసే ట్యూబు తీసుకురా."

ట్యూబు తెచ్చాడు. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం, ఒక కొస ఎంత ఎత్తు పట్టుకుంటే రెండో కొసలో నీళ్ళు అంతే ఎత్తుకు నిలుస్తాయి. అతను ఒక కొసను గీత దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ఆమె రెండో కొసను వీధికి అడ్డంగా లాక్కుంటూ గేటు దాటి లోపలికి వచ్చింది. అప్పుడే లలిత్ స్కూటరు ఆపాడు. ట్యూబు దాటాలా వద్దా అని కాలు ఆనించి నిలబడ్డాడు.

"మేడమ్, అసోసియేషన్ బోర్డు ఎందుకు కోశారు?"

"కింద ఏముందో చూడ్డానికి."

"అది వందేళ్ళకోసారి వచ్చే వాన మేడమ్. మళ్ళీ రాదు."

"వందేళ్ళకోసారైతే మీ ఇన్వర్టరు అటక మీద ఎందుకుంది? వందేళ్ళయ్యాక దింపుకుంటారా?"

"మీ ఇల్లు కూడా ఈ వీధిలోనే ఉంది. రేటు పడితే మీకూ పడుతుంది. కొంచెం ఆలోచించండి." గొంతు తగ్గించాడు. "మేం మాత్రం సంతోషంగా దాచామా? ఆ ఏడాది రెండిళ్ళు అమ్ముడుపోలేదు. పిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోయాయి."

"నా ఆడబిడ్డ ఈ గదిలో పడుకుంటుందని మీకు తెలుసు. కుర్చీలో తిరుగుతుందని తెలుసు. పుట్టినరోజుకు వస్తే మీ అమ్మాయి ఆమె ఒళ్ళో కూర్చుంది. తెలిసి వెరీ సేఫ్ సర్ అని పెట్టారు."

లలిత్ నేల మీది ట్యూబుకేసి చూశాడు. స్కూటరు స్టార్టు చేయలేదు. వరూధిని అతని కోసం ఆగలేదు. ఓంకార్‌కు అంకె చెబితే, మూడున్నర అడుగులన్నా మూడున్నరేగా అంటాడు, అంకెకు ఎవరూ భయపడరు. వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెక్కల మధ్య, గది గచ్చు రాబోయే ఎత్తుకు ఇటుకలు పేర్చి, వాటి మీద వేసుకుంది. కూర్చుంది. శైలజ కూర్చునేటట్టు, వీపు ఆనించి, చేతులు పిడుల మీద పెట్టి. తరువాత ట్యూబు కొస ఎత్తి మొహం పక్కన పట్టుకుంది. నీళ్ళు గొట్టంలో పైకీ కిందికీ ఊగాయి. ఊగి ఊగి నిలిచాయి. గడ్డం దగ్గర నిలిచాయి. కింది పెదవికి వేలెడు తక్కువ.

ఆమె లేవలేదు. ఆ పక్కనే ప్రహరీ గోడ. కిటికీ ఊచలకని తెచ్చిన ఎర్ర రెడాక్సైడు రంగు డబ్బాలో వేలు ముంచి, ట్యూబులో నీళ్ళు నిలిచిన చోటికి సరిగ్గా గోడ మీద గుర్తు పెట్టింది. లోపలే కాదు, గోడ బయటి పక్క కూడా పెడుతుంది, వీధిలోంచి కనపడేట్టు, గేటుకు అటూ ఇటూ, వానకు పోని రంగుతో. ఎవరైనా కొనడానికి వస్తే అడగనవసరం లేకుండా. మిల్లర్ వాణ్ణి వెనక్కి పంపుతుంది, బాడుగ ఇచ్చి పంపుతుంది. ఇనుము విప్పిస్తుంది. ఈ సందు సందుగానే ఉంటుంది. శైలజను ఎక్కడ ఉంచాలో తెలియదు. ఆ గడువుకు ఇంకా నలభై రోజులు కూడా లేవు. తెలియకపోవడం కూడా వీళ్ళే చేశారు, మొదటి రోజు నిజం చెప్పి ఉంటే మూడు నెలల ముందు నుంచి ఇంకో ఇల్లు వెతికేవాళ్ళు. ఆ మూడు నెలలు ఎవరిస్తారు? లలిత్ ఇస్తాడా? బొటనవేలు బొమ్మ ఇస్తుందా?

వీధి మలుపులో ట్రాక్టరు హారను మోగింది. తిరుపాలు అవతలి నుంచి అరిచాడు, వచ్చినాడు మేడమ్, ట్యూబు వదిలేదా అని. వదలొద్దంది. ప్రహరీ అవతల అడుగుల చప్పుడైంది. భాగీరథమ్మ. గోడ మీదుగా తల పెట్టి చూస్తోంది. కుర్చీని చూసింది, ట్యూబును చూసింది, గోడ మీద ఎర్ర గుర్తును చూసింది. వరూధిని ఆమెకేసి తల తిప్పలేదు. తిప్పితే ఏం మాట వస్తుందో తనకే తెలియదు.

"అది కాదప్పా" అంది చివరికి భాగీరథమ్మ. గొంతు వంటింటి గొంతు కాదు. "ఆ గీత పొద్దున్నకు నిలిచిన నీళ్ళది. రాత్రి ఇంకా జానెడు ఎక్కింది."

వరూధిని ట్యూబును పక్కన పెట్టలేదు. రెండో చెయ్యి ఎత్తి, బొటనవేలు గడ్డం దగ్గర గుర్తుకు ఆనించి, జాన చాచింది. చిటికెన వేలు కనుబొమలు దాటింది.